రెండో కుప్పలో మా ఇల్లు

మేము చదివిన కోర్సులో నిజాయితీ గురించి పాఠం వచ్చినప్పుడల్లా మా మేడం నా సంగతే ఉదాహరణగా చెబుతారట. "మీ సీనియర్ ఒకమ్మాయి ఉండేది, సొంత తల్లికి రావాల్సినదాన్ని కూడా వదిలేసుకుంది" అని. పోయిన నెల ఒక జూనియర్ ఫోన్ చేసి ఆ అమ్మాయి మీరేనా దీదీ అని అడిగింది. గొంతులో ఎంత భక్తో! అవునని చెప్పి ఫోన్ పెట్టేశాను. తర్వాత నా చెంపలు నేనే వాయించుకోవాలనిపించింది. ఒట్టేసి చెబుతున్నాను, నేను వదులుకున్నదేమీ లేదు. వదులుకున్నది మా అమ్మ. అది కూడా నేను సిగ్గుపడ్డందుకు.

ఆ చదువు పేరు అంతర్జాతీయ అభివృద్ధిలో ఎమ్మే. రెండు యూనివర్సిటీలు కలిసి నడిపేవి, ఒకటి మన దేశంలోది, ఒకటి ఐరోపాలోది. మొదటి ఏడాది ఇక్కడ, రెండో ఏడాది అక్కడ, మధ్యలో ఎనిమిది వారాలు ఫీల్డ్ ట్రైనింగ్. అంటే పేదరికం గురించి పుస్తకాల్లో చదివినదాన్ని ఏదో ఒక వీధికి వెళ్ళి కళ్ళతో చూసి రావడం. నాకు లోపల్లోపల నవ్వొచ్చేది. పేదరికం చూడ్డానికి నాకు ట్రైనింగేమిటి, నా మొహం!

కానీ పైకి ఆ మాట అనలేదు. మాది భిలాయి అనగానే నా క్లాసువాళ్ళు ఫోన్లో వెతికి, సెక్టార్లలోని వెడల్పాటి రోడ్లూ, క్వార్టర్ల ముందు తోటలూ చూసి, మీ ఊరెంత బావుందో అన్నారు. అవునన్నాను. మా నాన్న స్టీల్ ప్లాంటులో పనిచేసేవాడన్నాను. అదీ నిజమే. కాంట్రాక్టరు కింద చేసేవాడనీ, పర్మనెంటు అవుతాడని ఎదురుచూస్తూనే పోయాడనీ చెప్పలేదు. మా ఇల్లు క్వార్టరు కాదు, క్యాంప్ 2 అనే కూలీల బస్తీలో రేకుల కప్పు గది అనీ చెప్పలేదు. చూశారా, ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. ఎక్కడ నోరు మూసుకోవాలో నాకు బాగా తెలుసు.

అమ్మ ఇడ్లీలు అమ్ముతుంది. తెల్లారకముందే లేచి వాయిలు దించి, పెద్ద స్టీలు గుండిగ నిండా సర్ది, నెత్తిన చుట్టకుదురు పెట్టి, దాని మీద గుండిగ ఎత్తుకుని, ఒక చేత్తో చెట్నీ డబ్బా పట్టుకుని లేబర్ చౌక్ దాకా నడుస్తుంది. పని దొరుకుతుందేమోనని అక్కడ నిలబడే కూలీలూ, జాముల్ సిమెంటు ఫ్యాక్టరీకి పోయేవాళ్ళూ ఆవిడ బేరం. విజయనగరం జిల్లా నుంచి పెళ్ళై వచ్చినప్పుడు అమ్మకి ఇడ్లీపిండి రుబ్బడం కూడా రాదట. నాన్న పోయాక ఇదే మా బతుకైంది. ఆ బరువుకి మెడ పట్టేసింది. వెనకనుంచి పిలిస్తే తల తిప్పలేదు, మనిషి మొత్తం తిరగాల్సిందే.

ఫీల్డ్ ట్రైనింగ్ జాబితా వచ్చినరోజు నా పేరుకి ఎదురుగా భిలాయి, క్యాంప్ 2 అని ఉంది. "నీకు భాష కూడా వచ్చు, ఇంకేం కావాలి" అన్నారు మేడం. మా ఇల్లు అక్కడేనని నేను చెబితే కదా ఆవిడకి తెలిసేది! నాకు జోడీగా వేసింది ఐరోపా నుంచి వచ్చిన అమ్మాయిని. మంచిపిల్ల. ఎవరింటికెళ్ళినా నేలమీద కూర్చుంటుంది, ఏం పెట్టినా తింటుంది, విన్నదంతా నోట్‌బుక్‌లో రాసుకుంటుంది. ఎవరి కష్టమైనా వింటే కళ్ళలో నీళ్ళు పెట్టుకుంటుంది. ఆ నీళ్ళంటేనే నాకు భయం. అవి మా అమ్మ కోసం రాకూడదు, అంతే.

మాకు స్మృతి నగర్‌లో ఒక అద్దె ఇంట్లో బస. మా ఇంటికి ఆటోలో పట్టుమని పావుగంట పట్టదు. అమ్మ ఫోన్ చేసింది.

"ఇంటికాడికొచ్చి తొంగోవేటే? ఊర్లోకొచ్చి ఎవులింట్లోనో ఉంటావేటి?"

"రూల్స్ ఒప్పుకోవమ్మా," అన్నాను.

అలాంటి రూలేదీ లేదు. అమ్మకి రూలు అంటే గౌరవం. నాన్న ప్లాంటు గేటు దగ్గర రూల్సుతో బతికినవాడు. ఆ మాట వాడితే అమ్మ ఇక ఎదురు మాట్లాడదని నాకు తెలుసు.

మేము ట్రైనింగ్‌లో పనిచేసిన స్వచ్ఛంద సంస్థ మా వీధిలో ఏడిళ్ళకి ఠేలాలు ఇద్దామనుకుంది. ఠేలా అంటే నాలుగు చక్రాల తోపుడు బండి, పైన చిన్న రేకు, పక్కన పొయ్యి పెట్టుకునే చోటు. ఎవరికివ్వాలో సంస్థ చెప్పదు, మేమూ చెప్పకూడదు. వీధివాళ్ళే తేల్చుకోవాలి. దానికొక పద్ధతి మాకు క్లాసులో నేర్పారు. ఒక్కో ఇంటికి ఒక్కో చీటీ. చదువురానివాళ్ళు కూడా గుర్తుపట్టేలా పేరుకి బదులు బొమ్మ. కుట్టుమిషనున్న ఇంటికి కుట్టుమిషను, మేకలున్న ఇంటికి మేక. వీధిలో అందరి సంగతీ తెలిసిన నలుగురైదుగురు కూర్చుని, ఒక్కో చీటీ చూసి, ఈ ఇల్లు బాగా ఉన్నదా, పరవాలేదా, ఇబ్బందిలో ఉందా, మరీ ఇబ్బందిలో ఉందా అని మాట్లాడుకుంటారు. చీటీలని నాలుగు కుప్పలుగా వేస్తారు. నాలుగో కుప్పలో పడిన ఇళ్ళకే బళ్ళు. మర్నాడు మేము ఆ ఏడిళ్ళకీ వెళ్ళి, వాళ్ళ బతుకంతా అడిగి రాసుకుని, ఫోటోలు తీసుకోవాలి.

మా ఇంటి చీటీ మీద ఇడ్లీ రేకు గీసింది నేనే.

ఈ బళ్ళ సంగతి అమ్మకి అత్త చెప్పింది. అత్తంటే మా పక్కింటావిడ. చుట్టరికం లేదు, గోడ కలిసింది కాబట్టి వరస కలిసింది. కుళాయి దగ్గర ఆవిడ నోటికి ఎదురు నిలిచినవాళ్ళు లేరు. చీటీలు వేసే నలుగురిలో ఆవిడ కూడా ఉంది. చీటీలు వేసే ముందురోజు సాయంత్రం అమ్మ మళ్ళీ ఫోన్ చేసింది. చాలాసేపు నా తిండీ తిప్పలూ అడిగి, చివరికి అసలు మాటకొచ్చింది.

"నాను నిన్నేటీ అడగట్లేదు, సూడు. నువ్వు సెప్పి ఇప్పించినావంటే నాకా బండొద్దు. నలుగురూ కూకుని, దీనికియ్యాల అంటేనే తీసుకుంటాను. నెత్తిమీద ఇంక మొయ్యనేకపోతన్నానే. మెడ ఇరిగిపోతన్నట్టుంటంది."

మా అమ్మ నోటివెంట మొయ్యలేనన్న మాట నేను వినడం అదే మొదటిసారి. నాన్న పోయినప్పుడు కూడా ఎవరు పలకరించినా "మాకేటి లోటు" అనేది. అలాంటి మనిషి, నన్ను నాలుగో కుప్పలో వేస్తే ఒప్పుకుంటాను అంటోంది. నాకు జాలేసి ఉండాల్సింది. దానికి బదులు, ఆ విదేశీ అమ్మాయి మా గదిలో చాపమీద కూర్చుని, మా రేకుల కప్పు ఫోటో తీస్తున్నట్టు కళ్ళముందు కనిపించింది నాకు. "సరేలే అమ్మా, చూద్దాం" అని పెట్టేశాను.

మర్నాడు పొద్దున్న వీధి చివర రేకుల షెడ్డులో కూర్చున్నాం. మేడం కుర్చీలో, మేమంతా కింద పట్టామీద. నా పని వాళ్ళ తెలుగుని, అది రాని మేడంకీ ఆ అమ్మాయికీ ఇంగ్లీషులో చెప్పడం. చుట్టూ వీధివాళ్ళు నిలబడి చూస్తున్నారు, నేనెవరి కూతురినో వాళ్ళందరికీ తెలుసు. ఒక్కో చీటీ లేస్తోంది, ఎక్కడో ఒకచోట పడుతోంది. మేక రెండో కుప్పలోకి వెళ్ళింది. కుట్టుమిషను మూడో కుప్పలోకి. నేను గడగడా అనువదిస్తున్నాను. అందరి కష్టాలూ ఎంత చక్కగా వచ్చేస్తున్నాయో నా నోటికి!

అప్పుడు అత్త ఇడ్లీ రేకు చీటీ తీసింది. ఎవరినీ అడగకుండా తిన్నగా నాలుగో కుప్పలో పెట్టి, దానిమీద అరచెయ్యేసింది.

"ఇది మాత్రం ఇక్కడే. ఎవులూ తియ్యడానికి నేదు. మొగుడు పోనాక ఒక్కర్తీ ఆ బరువు మోస్తంది. వానొస్తే ఇల్లంతా గిన్నెలే, నీళ్ళు పట్టుకోడానికి. మిగిలిన సద్దిడ్లీలే రెండుపూటలా తింటాది, వేడన్నం తిన్నదాన్ని నాను సూళ్ళేదు. జొరమొచ్చినా ఎల్లిపోద్ది. అడిగితే నాకేటి లోటు అంటాది. లోటే, అంతా లోటే!"

మిగతావాళ్ళు అవునన్నట్టు తలలూపారు. మా ఇంటి గుట్టంతా ఆ షెడ్డులో నడిమధ్యన పడింది. ఆ అమ్మాయి నావైపు చూస్తోంది, అనువాదం కోసం. భర్త చనిపోయిన ఆవిడ, ఇడ్లీలు అమ్ముతుంది, అని రెండు ముక్కలు చెప్పి ఊరుకున్నాను. "అంతసేపు మాట్లాడింది, ఇంతేనా?" అంది. తప్పక ఇంకాస్త చెప్పాను. సద్దిడ్లీల దగ్గరికి వచ్చేసరికి ఆ పిల్ల కళ్ళు తడయ్యాయి. "అయ్యో, పాపం. రేపు మొట్టమొదట ఈవిడ ఇంటికే వెళ్దాం. వంట చేస్తుంటే ఫోటోలు తీయొచ్చా?" అంది.

అంతే. అత్త తర్వాతి చీటీ వెతకడానికి చెయ్యి తీసి అటు తిరిగింది. నేను కుప్పలు సర్దుతున్నట్టు వంగి, మా చీటీ తీసి రెండో కుప్పలో పెట్టేశాను. మేకల పక్కన, పరవాలేదు అనే ఇళ్ళ పక్కన.

దొరకననుకున్నాను. అత్త కళ్ళు నాకు తెలియనివా!

"ఒలే గుంటా! ఏటే అది? మీ అమ్మ కాయితం తీసి అక్కడెట్టినావేటి?" అని షెడ్డు అదిరేట్టు అరిచి, మేడంకి అర్థం కావాలని హిందీలో అందుకుంది. "మేడం, దేఖో! యే ఇస్కీ మా కా ఘర్ హై! ఇస్కీ సగీ మా కా!"

అది నా కన్నతల్లి ఇల్లేనని తెలిసి మేడం నావైపు చూశారు. ఆ అమ్మాయి కలం ఆగింది. సరిగ్గా అప్పుడే చూశాను, జనం వెనకాల అమ్మ నిలబడి ఉంది. చౌక్ నుంచి తిన్నగా వచ్చినట్టుంది, ఖాళీ గుండిగ చంకలో ఉంది. అంతా చూసింది. నేను చీటీ తియ్యడమూ చూసింది.

ఆ క్షణంలోనైనా నిజం చెప్పి ఉండొచ్చు. అవును మేడం, అది మా ఇల్లు, నాకు సిగ్గేసి తీశాను అని. నా నోటికి అది రాలేదు. వచ్చిందేమిటంటే, మంచి ఇంగ్లీషు. "మేడం, ఇది మా అమ్మ ఇల్లే. ట్రైనింగ్‌కి వచ్చిన మనిషి కుటుంబానికి బండి వస్తే ఈ పని మీద ఎవరికీ నమ్మకం ఉండదు. అందుకే మా ఇంటిని పక్కకి తప్పిస్తున్నాను."

ఎక్కడినుంచి ఊడిపడిందో ఆ మాట! చెబుతూండగానే నాకే నిజమనిపించింది.

నిజానికి ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో మేడం క్లాసులో చెప్పారు. సొంత మనుషుల చీటీ వస్తే మనం లేచి బయటికి వెళ్ళిపోవాలి, మిగతావాళ్ళు తేలుస్తారు, అంతే. నా నోట్‌బుక్‌లో నా చేతిరాతతోనే ఉంది. మేడం ఆ మాటే గుర్తుచేశారు. "నువ్వు కాసేపు బయట నిలబడితే చాలు కదా? మీ అమ్మకి రావాల్సింది ఎందుకు పోవాలి?" అన్నారు. దేవుడు నాకిచ్చిన రెండో అవకాశం అది. "లేదు మేడం, నాకది సరిగ్గా అనిపించదు" అన్నాను. మేడం, అందరి చూపులూ ఉన్న అమ్మవైపు తిరిగి, నేనన్న కారణం హిందీలో చెప్పి, "దీదీ, ఆప్కో ఠీక్ హై?" అని సమ్మతి అడిగారు.

అమ్మ మెడ తిప్పలేక మొత్తం మనిషి నావైపు తిరిగింది. నేను కుప్పలవైపు చూస్తున్నాను.

"మేరీ బేటీ బోలీ తో ఠీక్ హై," అంది అమ్మ, కూతురు చెప్పాక ఇంకేముంది అన్నట్టు.

"నీ బేటీ మొకం!" అని అత్త గొణిగి, చీటీలన్నీ పక్కవాళ్ళ ముందుకి తోసేసి లేచిపోయింది.

విదేశీ అమ్మాయి నన్ను గట్టిగా వాటేసుకుని ఏడ్చింది. నువ్వెంత ధైర్యవంతురాలివి అంది. భయపడి భయపడి తప్పించుకున్న కన్నీళ్ళు చివరికి నా భుజం మీదే పడ్డాయి. మా బ్యాచ్‌లో ఫీల్డ్ ట్రైనింగ్‌కి అందరికన్నా మంచి గ్రేడు నాకే వచ్చింది. నియమం అడగనిది కూడా చేసిన విద్యార్థిని అని మేడం నివేదికలో రాశారు. ఏడు బళ్ళు ఏడిళ్ళకి వెళ్ళాయి. వాటిలో ఒకటి పొందిన ఇంట్లో మొగుడూ పెళ్ళాం ఇద్దరూ సంపాదిస్తారు. వాళ్ళకి రావడం తప్పని అనను. మా అమ్మకన్నా ముందు రావడం మాత్రం నా పుణ్యమే.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళాను. అమ్మ పప్పు కడుగుతోంది. కూర్చోమంది, టీ ఇచ్చింది. తిడుతుందని సిద్ధపడి వెళ్ళినదాన్ని, తిట్టకపోయేసరికి ఏం చెయ్యాలో తోచలేదు. కాసేపటికి తనే అడిగింది.

"నిజంగా అలగ రూలుందేటే?"

"ఉందమ్మా," అన్నాను. "మేం పనిచేసేచోట మనింటివాళ్ళకి ఏదీ రాకూడదు."

"అయితే మంచి రూలే. ఎవులికాళ్ళు సుట్టాలకే ఇచ్చుకుంటే బీదోళ్ళకేటి దొరుకుతాది?" అంది. చేతులు తుడుచుకుని నా ఎదురుగా కూర్చుంది. "మీ అత్త నా గురించి ఎన్ని మాట్లు సెప్పినాదో ఇన్నావా? ఇన్నాళ్ళూ నా సంగతి ఎవులికీ తెల్దనుకున్నానే. అంతా సూత్తానే ఉన్నారు. బండి నేకపోతే పోనీ. నలుగురూ నా కట్టం సూసినారు, నాకది సాలు."

ఆ నలుగురూ చూసి వేసిన చీటీని తీసేసింది కూతురు. ఆవిడ ఆ కూతురికే బిస్కట్ కూడా పెట్టింది.

తర్వాత నేను ఐరోపా వెళ్ళాను. అత్త నాతో మాటలు మానేసింది. అమ్మ మాత్రం వీధంతా చెప్పుకుంది, మా పిల్ల కన్నతల్లి కోసం కూడా రూలు తప్పలేదు, దేశం కాని దేశపు మేడంలు మెచ్చుకున్నారు అని. ఆ సంగతి ఫోన్లో నాకే మళ్ళీ చెప్పి మురిసిపోయేది. నేను "ఊఁ" అనేదాన్ని. గుండిగ బరువు అలాగే ఉంది. ఇప్పుడు దాన్ని ఎత్తుకునేటప్పుడు ఎవరో ఒకరు పట్టాలి.

ఏడాది తిరిగాక ఒకరోజు ఫోన్ చేసి, "మళ్ళీ కుప్పలేస్తన్నారే," అంది. "కొత్త పిల్లలొచ్చినారు. ఈపాలి మూడు బళ్ళే అంట. మీ అత్త నా కాయితం ఎడతానంది. ఒద్దొదినా, మా పిల్ల ఆ సదువు సదివినాది, మాకు రూలొప్పదు అని సెప్పీసినాను. కరెస్టే కదా?"

నా చదువు అయిపోవచ్చింది. ఆ సంస్థకీ నాకూ ఏ సంబంధమూ లేదు. నాకిక దాక్కోడానికి చోటు మిగల్లేదు.

"అమ్మా, అలాంటి రూలేదీ లేదు," అన్నాను. "అప్పుడూ లేదు. నేను బయటికెళ్ళి నిలబడితే సరిపోయేది. నీకు ఆ బండి వచ్చేది."

అటువైపు గిన్నె కింద పెట్టిన చప్పుడైంది.

"మరెందుకు తీసినావే?"

"ఆ అమ్మాయి మనింటికొచ్చి ఫోటోలు తీస్తుందని. నాకు సిగ్గేసిందమ్మా."

"నన్ను సూసా?"

కాదని చెప్పాలని ఎంత అనిపించిందో. "అవునమ్మా," అన్నాను.

ఫోన్ కట్ అయిందేమోనని "అమ్మా, అమ్మా" అని పిలిచాను.

"దొంగతనం సేసినానేటే? అడుక్కున్నానా? ఇడ్లీలే కదా అమ్ముకున్నాను," అంది. కోపం లేదు ఆ గొంతులో. నిజంగా తెలియక అడిగినట్టే అడిగింది.

నేను ఏడ్చాను. ఇప్పుడే అత్తకి ఫోన్ చేసి చెబుతానన్నాను, వీధిలో అందరికీ నేనే చెబుతాను, నీ చీటీ పెట్టించుకో అన్నాను. ఉద్యోగం రాగానే బండి నేనే కొంటానని కూడా అన్నాను.

"నువ్వు కొంటే నా కూతురు కొన్నాదంటారు. అది ఏరు. నలుగురూ ఇచ్చింది ఏరు," అంది. తర్వాత గొంతు గట్టి చేసుకుంది. "ఇను. ఎవులికీ ఏటీ సెప్పకు. నా కూతురు రూలు తప్పనేదని ఏడాదినుంచి ఇంటింటికీ సెప్పినాను. ఇప్పుడు బండి కోసం నువ్వు అబద్దమాడినావని సెప్పమంటావేటి? బండి నేకుండా ఇన్నాళ్ళూ బతికినాను. నిన్ను అబద్దాలకోరంటే బతకనేను. పెట్టీ ఫోను, పప్పు రుబ్బాల."

మర్నాడు అత్త ఫోన్ చేసింది. ఏడాది తర్వాత అదే మొదటిసారి. పలకరింపు లేదు, ఏమీ లేదు.

"మీ యమ్మ ఈపాలీ ఒద్దంటంది. బతిమాలినాను, కాళ్ళు పట్టుకోడం ఒకటే తక్కువ. రూలంట, రూలు! రేపు మద్దేనానికి కాయితాలు మూసేస్తారు. నీ సదువుకో దండం తల్లీ, ఒక్కమాట సెప్పు. నిజంగా అలగ రూలుందా?"

ఆవిడ ఎదురుచూస్తోంది. వెనకాల కుళాయి దగ్గర ఆడవాళ్ళ మాటలు వినిపిస్తున్నాయి. వాళ్ళలో అమ్మ కూడా ఉందేమో తెలీదు.

"ఉందత్తా," అన్నాను.